విఠ్ఠల్ విహార్ నుంచి రెండు వందల గజాలు

మైసూరులో యాదవగిరి కాస్త మిట్ట మీద ఉంటుంది. రైల్వే స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి "ఆకాశవాణి" అంటే చాలు, ఇంకో గుర్తు చెప్పనక్కర్లేదు. అక్కడి కూడలికే ఆ పేరు. ఆర్.కె. నారాయణ్ ఇల్లూ ఈ పేటలోనే ఉంది. సాహిత్యం ఇష్టపడేవాళ్లు అక్కడ ఆగి, ఆయన రాసుకున్న గది చూసి వెళ్తుంటారు. నేను వచ్చింది మరో ఇంటి కోసం. ఆ ఇంటి పేరు విఠ్ఠల్ విహార్. ఇప్పటి రేడియో స్టేషన్‌కి రెండు వందల గజాల దూరం. 1935 సెప్టెంబరు 10న ఒక రేడియో స్టేషన్ ఆ ఇంట్లో మొదలైంది. మొదలుపెట్టినాయన ఇంజనీరు కాదు, వ్యాపారి కాదు, సర్కారు అధికారి అంతకన్నా కాదు. మహారాజా కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పే ప్రొఫెసరు. పేరు ఎం.వి. గోపాలస్వామి.

తెలుగునాట ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ. ఆయన స్టేషన్‌కి ఉన్న పేరు మాత్రం మనం పలకని రోజు లేదు. ఆకాశవాణి. మా ఇంట్లో అమ్మ భక్తిరంజని వింటూ పొయ్యి రాజేసేది. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు మొదలవగానే నాన్న లేచి గోడ గడియారం ముల్లు సరిచేసేవారు. మధ్యాహ్నం స్త్రీల కార్యక్రమం, సాయంత్రం పొలం పనుల కబుర్లు, ఆదివారం నాటకం. అన్నిటికీ ముందు ఆ ఒక్క మాట వచ్చేది. రేడియోకి ఆ పేరును మొదట తగిలించిన ఇల్లు ఒకటుందనీ, అది ఒక పంతులుగారి ఇల్లనీ తెలిశాక మైసూరు వెళ్లకుండా ఉండలేకపోయాను.

కాచిగూడలో రాత్రి మైసూరు బండి ఎక్కితే కర్నూలు, డోన్, అనంతపురం, ధర్మవరం, హిందూపురం అన్నీ నిద్రలోనే దాటిపోతాయి. తెల్లవారేసరికి బెంగళూరు. మండ్య దగ్గర రెండు వైపులా చెరుకు తోటలు, శ్రీరంగపట్నం దగ్గర కావేరి. ధర్మవరం దాటాక పుట్టపర్తి వైపు ఒక దారి ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను. ఈ కథలో రెండో ముఖ్యమైన మనిషి ఆఖరికి చేరింది అక్కడికే.

బండి దిగి ముందు మహారాజా కాలేజీకి వెళ్లాను. నాకు తోడుగా వచ్చినాయన రిటైరైన కన్నడ లెక్చరరు. వాళ్ల అమ్మగారిది కోలారు ప్రాంతం, ఇంట్లో తెలుగే మాట్లాడేవారు. మైసూరులో మేష్టార్లంటే ఇప్పటికీ ఒక మర్యాద ఉంది. గేటు దగ్గర కాపలా మనిషి ఆయన్ని చూసి లేచి నిలబడ్డాడు.

లేత పసుపు గోడలు, ఎత్తైన స్తంభాలు, పొడవాటి వసారాలు. 1833లో రాజావారి ఉచిత పాఠశాలగా మొదలైన సంస్థ ఇది. తెలుగువాడికి ఇక్కడ పరాయి ఊరనిపించదు. కట్టమంచి రామలింగారెడ్డి ఇక్కడ పాఠాలు చెప్పి, తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి తొలి ఉపాధ్యక్షులయ్యారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1918 నుంచి 1921 దాకా ఇక్కడే తత్వశాస్త్రం బోధించారు. ఆయన కలకత్తా వెళ్లేనాడు విద్యార్థులు గుర్రాలు విప్పేసి బండిని తామే లాగుతూ రైల్వే స్టేషన్‌కి చేర్చారన్న సంగతి మనకు చిన్నప్పటి పాఠ్యపుస్తకాల నుంచీ తెలుసు. ఇక రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ. 1912లో తెలుగు పండితులుగా చేరి 1949 దాకా, అంటే ముప్పై ఏడేళ్లు ఈ వసారాల్లో తిరిగారు. ఆ తర్వాతే తిరుపతి వెళ్లి అన్నమయ్య పాటలకు స్వరాలు కట్టారు. వేమన మీద అంత గొప్ప ఉపన్యాసాలు రాసిన మనిషి బతుకులో ఎక్కువ భాగం గడిచింది మైసూరు కాలేజీలోనే.

రాళ్లపల్లివారికీ గోపాలస్వామికీ ఈ కాలేజీలో పాతికేళ్ల సహోద్యోగం. ఒకరు తెలుగు, సంగీతం. ఇంకొకరు మనసు, దాని కొలతలు. ఇద్దరూ ఈ మెట్ల మీదే ఎదురుపడి ఉంటారు. ఆ సంగతి తలచుకుంటుంటే అక్కడ కాసేపు నిలబడిపోయాను.

గోపాలస్వామి చదువు లండన్‌లో. తెలివితేటలను కొలవవచ్చునన్న సిద్ధాంతంతో పేరు పొందిన చార్లెస్ స్పియర్‌మన్ దగ్గర శిక్షణ పొందారు. అప్పట్లో మన దేశంలో మనస్తత్వశాస్త్రం తత్వశాస్త్రానికి తోకగా ఉండేది. ఆత్మ, బుద్ధి, చిత్తం అన్నీ ఒకే పాఠంలో చెప్పేసేవారు. ప్రయోగశాల పెట్టి, మనిషి ఎంతసేపు శ్రద్ధగా వినగలడు, ఏది గుర్తుంచుకుంటాడు అని పరీక్షించి చూడటం కొత్త. కలకత్తా విశ్వవిద్యాలయం 1916లో ఆ పని మొదలుపెట్టింది. తర్వాతి వరసలో మైసూరు, 1924లో. అప్పుడు మైసూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ బ్రజేంద్రనాథ్ శీల్. కలకత్తాలో 1905లోనే ప్రయోగాత్మక మనస్తత్వశాస్త్రానికి పాఠ్యప్రణాళిక రాసిన మనిషి ఆయనే. కాబట్టి ఆ విత్తనం ఎవరి చేతి నుంచి ఎక్కడికి వచ్చిందో తెలుస్తూనే ఉంది. మైసూరు శాఖను నిలబెట్టింది గోపాలస్వామి. పడమటి దేశాల తెలివి పరీక్షలను మన పిల్లలకు తగినట్టు మార్చడం ఆయన చేసిన పనుల్లో ఒకటి. తర్వాత కాలేజీకి ప్రిన్సిపాల్ కూడా అయ్యారు.

అలాంటాయనకి రేడియో మీదికి మనసు ఎందుకు పోయింది? నా తోటి మేష్టారిని అడిగాను. ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. కాలేజీ వెనక చెట్ల కింద కొంత దూరం నడిచాక అన్నారు. "క్లాసులో పిల్లోళ్ల మొహం చూస్తా చెప్తాము సార్. అర్థమయ్యిందా లేదా కండ్లలో తెలుస్తాది. మైకు ముందర మొహమే లేదు గదా. ఎవరికి చెప్తా ఉన్నామో తెల్వకుండా పాఠం చెప్పేది ఎట్ల? ఆయన చదివిందే ఆ చదువు. దాన్ని చేసి చూడాలని ఉండి ఉంటాది."

ఈ జవాబు నాకు నచ్చింది. మొహం కనపడని శిష్యుడికి పాఠం చెప్పడం. గోపాలస్వామి రేడియోని అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా దగ్గర దారి నాకు కనిపించలేదు.

ఆ నాటి రేడియో పరిస్థితి కూడా చెప్పాలి. మన దేశంలో రేడియో మొదట సరదాగా పుట్టింది. 1924లో మద్రాసులో కృష్ణస్వామి చెట్టి అనే ఇంజనీరు చొరవతో ఒక రేడియో క్లబ్బు నలభై వాట్ల యంత్రంతో ప్రసారాలు చేసింది. డబ్బు చాలక మూడేళ్లకు దాన్ని మద్రాసు నగరపాలక సంస్థకి అప్పగించింది. 1927లో బొంబాయి, కలకత్తాల్లో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ పెద్ద ఎత్తున మొదలైంది. రేడియో ఉన్న ప్రతి ఇల్లూ ఏడాదికి పది రూపాయలు లైసెన్సు కట్టాలి. కట్టినవాళ్లు కొద్దిమంది. 1930కల్లా కంపెనీ దివాలా తీసింది. ప్రభుత్వం అయిష్టంగానే దాన్ని నెత్తిన వేసుకుంది. 1935 ఆగస్టులో లండన్ బీబీసీ నుంచి లయొనెల్ ఫీల్డెన్ వచ్చి ఢిల్లీలో పగ్గాలు పట్టాడు. ఆయన ఇంకా కుర్చీలో సర్దుకుంటున్న రోజుల్లోనే, మరుసటి నెలలో, మైసూరు పంతులుగారి ఇంట్లో ప్రసారం మొదలైపోయింది. "ఆల్ ఇండియా రేడియో" అనే పేరు పుట్టింది ఆ తర్వాతే, 1936 జూన్ 8న.

ఇక్కడ హైదరాబాదు కూడా గుర్తుకొస్తుంది. మెహబూబ్ అలీ అనే తపాలా శాఖ ఉద్యోగి పట్టుదలతో అక్కడ రెండు వందల వాట్ల స్టేషన్ ఒకటి నడిచింది. 1935లోనే నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. మనం దక్కన్ రేడియో అని చెప్పుకునేది దాన్నే. రెండు సంస్థానాలు, ఒకే ఏడు. హైదరాబాదులో ఒక మనిషి మొదలుపెట్టినది దర్బారుకి చేరింది. మైసూరులో ఒక మనిషి తన ఇంటి గదినే స్టూడియో చేశాడు.

ఆ గదిలోని ట్రాన్స్‌మిటర్ బలం ముప్పై వాట్లు. ఫిలిప్స్ కంపెనీది. మన ఇళ్లలో మొన్నమొన్నటిదాకా వెలిగిన గుండు బల్బు ఒక్కటి కూడా అంతకన్నా ఎక్కువ కరెంటు తినేది. ఇప్పటి విజయవాడ కేంద్రం బలం వంద కిలోవాట్లు, అంటే దీనికి మూడు వేల రెట్ల పైన. అయినా ఆ ముప్పై వాట్లూ ఊరికి సరిపోయాయంటే కారణం ఉంది. అప్పుడు గాలిలో ఇంత గోల లేదు. స్టేషన్లు వేళ్ల మీద లెక్కపెట్టే అన్ని. మోటార్లు, మిక్సీలు, ట్యూబులైట్లు పుట్టించే గరగర దాదాపు లేదు. ఏరియల్ తీగె ఎత్తుగా కట్టుకుంటే సన్నని గొంతయినా స్పష్టంగా పడేది. యాదవగిరి మిట్ట కావడం దానికి కలిసొచ్చి ఉండాలి.

ఇంకో సౌకర్యం కరెంటు. మైసూరు రాజ్యం 1902లోనే శివనసముద్రం దగ్గర కావేరి జలపాతం నుంచి కరెంటు తీసి కోలారు బంగారు గనులకు పంపింది. ఆ గనుల్లో దిగి పనిచేసినవాళ్లలో మన చిత్తూరు జిల్లా నుంచి వెళ్లిన కూలీలు ఎందరో. ఆ గనుల కోసం వేసిన తీగెల తర్వాతే బెంగళూరు వీధులు వెలిగాయి, మైసూరు ఇళ్లు వెలిగాయి. 1935లో ఒక ప్రొఫెసరు ఇంట్లో వాల్వులు వేడెక్కడానికి వెనక ఇంత కథ ఉంది. దానికోసం శివనసముద్రం దాకా పోవాలనిపించింది గానీ ఈ ప్రయాణంలో కుదరలేదు.

సాయంత్రం యాదవగిరి చేరాం. మేష్టారు ఆటోని కూడలికి ముందే ఆపేశారు. "ఇక్కణ్ణుంచి నడుద్దాం సార్. బండిలో పోతే రెండు వందల గజాలు ఎంతో తెల్వదు" అన్నారు. నిజమే. నడిస్తే మూడు నిమిషాలు పట్టే దూరం మేము నడవడానికి చాలాసేపు పట్టింది. రోడ్డుకి రెండు పక్కలా పెద్ద చెట్లు, కాంపౌండు గోడల మీద నుంచి వాలిన కాగితంపూల తీగెలు, పాత బంగళాల మధ్య కొత్త అపార్టుమెంట్లు. ఒంటికొప్పల్ వైపు నుంచి గుడి గంట వినపడింది. దక్షిణాన చాముండి కొండ. ఒకప్పుడు ఈ పేటలో సాయంత్రమైతే వాహ్యాళికి బయల్దేరే ప్రొఫెసర్లు, కవులు, రిటైరైన దివానులు ఒకరికొకరు దణ్ణం పెట్టుకుంటూ నడిచేవారట. మేష్టారు చెప్పారు. కాలేజీలో పగలు పాఠం చెప్పినాయన సాయంత్రం ఇలా నడిచి వచ్చి, మైకు ముందు కూర్చుని, మళ్లీ ఇలాగే నడిచి ఇంటికి పోవచ్చు. మైసూరు రేడియో అలా నడిచి వచ్చేవాళ్లతోనే నిలబడింది. నిలయ విద్వాంసులు, జీతాలు, కాంట్రాక్టులు అన్నీ తర్వాతి మాటలు.

మొదటి ప్రసారంలో కువెంపు కవిత చదివారని మైసూరులో చెప్పుకుంటారు. అప్పటికి ఆయనకి ముప్పై ఏళ్లు. మహారాజా కాలేజీలోనే కన్నడ అధ్యాపకుడు. జ్ఞానపీఠం, రాష్ట్రకవి బిరుదు అన్నీ ముందు ముందు రావలసినవి. ఆయన్నే ఎందుకు పిలిచి ఉంటారు? పక్క గదిలో పాఠం చెప్పే కుర్ర అధ్యాపకుడి గొంతులో ఏముందో గోపాలస్వామికి తెలుసు గనక అని నా ఊహ. రేడియో పెట్టడానికి డబ్బు, యంత్రం, అనుమతి కావాలి. అవి సంపాదించినవాళ్లు దేశంలో ఇంకా ఉన్నారు. మైకు ముందు ఎవర్ని కూర్చోబెట్టాలో తెలిసిన కన్ను ఉన్నవాళ్లు మాత్రం అరుదు. ప్రొఫెసరుగారికి ఆ కన్ను ఉంది. ఒక విశ్వవిద్యాలయం మొత్తం ఆయనకు చేతికందే దూరంలో ఉంది, ఆయన దాన్ని పిలిచి కూర్చోబెట్టాడు.

అలా వచ్చినవాళ్లలో ఎ.ఎన్. మూర్తిరావు ఒకరు. 'హగలుగనసుగళు' అనే పుస్తకంతో కన్నడంలో వ్యాసానికి కొత్త నడక నేర్పిన రచయిత. ఇంగ్లీషు మేష్టారు. 1940ల మొదట్లో మైసూరు రేడియోలో పనిచేశారు. ఆయన వ్యాసాల గురించి మా కన్నడ మేష్టారు చెప్తుంటే ఆ రోడ్డు మీదే అరగంట గడిచింది. ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడుతున్నట్టుండే ఆ వాక్యానికి రేడియో ఎంత మేలు చేసిందో, రేడియోకి ఆ వాక్యం ఎంత మేలు చేసిందో ఎవరైనా కూర్చుని తేల్చవలసిన విషయం. మూర్తిరావు నూరేళ్లు దాటి బతికి 2003లో వెళ్లిపోయారు.

రెండో మనిషి ఎన్. కస్తూరి. కేరళలో పుట్టి, మైసూరు కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్తూ, కన్నడం నేర్చుకుని, కన్నడంలోనే గొప్ప హాస్య రచయిత అయినాయన. మాటలకు తలకిందుల అర్థాలు చెప్పే 'అనర్థకోశ' ఆయనదే. గోపాలస్వామికి స్టేషన్ నడపడంలో కుడిభుజంగా ఉన్నారు. ఆకాశవాణి అన్న పేరు సూచించింది కస్తూరే అని మైసూరులో ఎక్కువమంది మాట. గోపాలస్వామే అనేవాళ్లూ ఉన్నారు. మేష్టారిని అడిగితే, ఇద్దరూ ఒకే వసారాలో తిరిగినోళ్లు, ఎవరి నోట ముందు వచ్చిందో ఇప్పుడు తగవు పెట్టుకునే పని లేదన్నారు. 1938లో కలకత్తా కేంద్రం కోసం రవీంద్రనాథ్ ఠాగూర్ రాసిన కవితలోనూ ఈ మాట ఉంది. 1957 నాటికి భారత ప్రభుత్వం దేశంలోని రేడియో మొత్తానికి ఈ పేరే ఖాయం చేసింది. 2023లో ఆల్ ఇండియా రేడియో అనే ఇంగ్లీషు పేరును పక్కనపెట్టి, అన్ని భాషల్లోనూ ఆకాశవాణి అనే అనాలని ప్రసార భారతి ఆదేశం ఇచ్చింది. ఆ రోజు వార్తల్లో పేరు మారిందని విన్నాం. ఆ పేరుకి మొదట నీడనిచ్చిన ఇంటి యజమాని గురించి ఒక్క ముక్క కూడా నా చెవిన పడలేదు. నాకది బాధగానే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తోంది.

ఇల్లంటే ఆయన సొంత ఇల్లు, ఖర్చు కూడా చాలావరకు సొంతమే. 1935 సెప్టెంబరు నుంచి ఆరేళ్లకు పైగా నడిపారు. తర్వాత రెండు వందల యాభై వాట్ల యంత్రం కూడా తెచ్చారు. పగలు కాలేజీ, ప్రయోగశాల, పరీక్ష పేపర్లు. సాయంత్రం వాల్వులు, మైకులు, కళాకారులు. ఆ ఇంట్లో ఆడవాళ్లు ఎన్ని కాఫీలు కలిపి ఉంటారో, ప్రసారం జరిగే వేళ పిల్లల్ని ఎంత నెమ్మదిగా ఉంచి ఉంటారో. పుస్తకాల్లో వాళ్ల పేర్లు కనపడవు. సంగీత విద్వాంసుడు వస్తే భోజనం పెట్టకుండా పంపే ఊరు కాదు మైసూరు. ఇంట్లో నడిచిన రేడియో కథలో వంటింటి వాటా పెద్దదే అయి ఉండాలి.

1942లో మైసూరు ప్రభుత్వం స్టేషన్‌ను తీసుకుంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో సంస్థానాల చేతిలో ఉన్న రేడియో కేంద్రాలు అయిదు: మైసూరు, తిరువనంతపురం, హైదరాబాదు, ఔరంగాబాదు, బరోడా. 1950 ఏప్రిల్ 1న మైసూరు, హైదరాబాదు కేంద్రాలు రెండూ కేంద్ర ప్రభుత్వ రేడియోలో కలిశాయి. ఇంట్లో పుట్టిన పిల్ల అత్తారింటికి వెళ్లినట్టే అని మేష్టారు అన్నారు. తర్వాత జరిగింది మాత్రం మైసూరువాళ్లకి ఇప్పటికీ మింగుడుపడని సంగతి. 1955లో స్టేషన్‌ను బెంగళూరుకి తరలించారు. రాజధాని అక్కడ, శ్రోతలు అక్కడ ఎక్కువ. కారణం సబబే. కానీ రేడియోకి పేరు పెట్టిన ఊరికి రేడియో లేకుండా పోయింది. వీణ దొరస్వామి అయ్యంగార్ లాంటి మైసూరు ఆస్థాన విద్వాంసులు కూడా బెంగళూరు కేంద్రంలో ఉద్యోగానికి వెళ్లారు. మైసూరు గాలిలో మళ్లీ సొంత గొంతు వినపడటానికి 1974 దాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు యాదవగిరిలో ఉన్న స్టేషన్ అలా తిరిగివచ్చినదే. వచ్చి కూర్చున్నది పుట్టింటికి రెండు వందల గజాల దూరంలో.

ఆ స్టేషన్ ముందు నిలబడి మేష్టారు నన్నొక ప్రశ్న అడిగారు. "మీ తెలుగులో ఇట్లాంటోళ్లు లేరా సార్? మేష్టరు పని, రేడియో పని రెండూ ఒకటే అనుకున్నోళ్లు?"

ఉన్నారు. న్యాయపతి రాఘవరావుగారి గురించి చెప్పాను. రేడియో అన్నయ్య. భార్య కామేశ్వరిగారు రేడియో అక్కయ్య. మద్రాసు కేంద్రంలోనూ, తర్వాత హైదరాబాదులోనూ పిల్లల కార్యక్రమాలు నడిపారు. వారం వారం పిల్లల్ని స్టూడియోకి పిలిచి పాడించడం, ఆడించడం, మాట్లాడించడం. కనపడని పిల్లలకు కనిపించే పిల్లల చేత పాఠం చెప్పించారు వాళ్లు. బాలానందంలో పాడి పెద్దవాళ్లయినవారు తెలుగు సినిమాలోనూ, నాటకంలోనూ, సంగీతంలోనూ ఉన్నారు. అలాగే విజయవాడలో బాలాంత్రపు రజనీకాంతరావుగారు. లలిత సంగీతాన్ని పల్లెటూరి వంటింటి దాకా తెచ్చిన మనిషి. ఈ వరసలో గోపాలస్వామిని కూడా చేర్చుకోవాలని నా కోరిక. భాష వేరు కావచ్చు. రేడియోని చదువు చెప్పే చోటుగా చూసిన పద్ధతి ఒక్కటే. మన జర్నలిజం కాలేజీల్లో పిల్లలకు ఫీల్డెన్ పేరు చెప్తారు, మార్కోనీ పేరు చెప్తారు. వాళ్లతో పాటు పక్క రాష్ట్రంలో రాత్రి బండి దూరంలో ఉన్న ఈ ప్రొఫెసరు పేరు కూడా చెప్పాలి. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా కాదు. సొంత గదిలో, ఉన్న వనరులతో, తమ ఊరి గొంతులతో మొదలుపెట్టవచ్చునన్న ధైర్యం కోసం. ఫోను చేతిలో పట్టుకుని పాడ్‌కాస్టు మొదలుపెట్టే నేటి కుర్రవాళ్లకు ఆయన నేరుగా తాతగారు.

వచ్చేటప్పుడు నేరుగా హైదరాబాదు రాలేదు, పుట్టపర్తిలో దిగాను. కస్తూరిగారి కోసం. రేడియో రోజుల తర్వాత ఆయన దావణగెరె కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. 1948లో సత్యసాయిబాబాను చూశారు. తర్వాత పుట్టపర్తి వచ్చి ఉండిపోయారు. బాబా జీవిత చరిత్ర రాసిందీ, 'సనాతన సారథి' పత్రిక నడిపిందీ ఆయనే. అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది వేరొకటి. బాబా ప్రసంగాలు తెలుగులో సాగేవి. వేదిక మీద, తర్వాత కాగితం మీద వాటిని ఇంగ్లీషు చేసినవారు కస్తూరి. మలయాళం ఇంటి భాషగా పుట్టి, కన్నడంలో రచయితై, రాయలసీమ తెలుగును చెవులు రిక్కించి వింటూ దూరదేశాల వాళ్లకు అందించిన మనిషి. ఆ పనిలో విఠ్ఠల్ విహార్ మైకు దగ్గరి అలవాటు ఎంతో కొంత ఉండే ఉంటుంది: కనపడని వాడికి అర్థమయ్యేలా చెప్పాలన్న తపన. 1987లో అక్కడే కన్నుమూశారు.

చిత్రావతి గట్టు మీద నుంచి మేష్టారికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "అయితే ఇంకో కొస మీ తావ ఉండాది సార్" అన్నారు సంతోషంగా. వచ్చే సెప్టెంబరు 10కి మళ్లీ రమ్మన్నారు. ఆ రోజు యాదవగిరిలో కలిసి నడవాలని అనుకున్నాం. రాళ్లపల్లివారి 'వేమన' పుస్తకం ఆయనకి కావాలట, తెలుగు అక్షరాలు మళ్లీ కూడబలుక్కుంటున్నారట. రెండు ప్రతులు తీసిపెట్టాను. ఒకటి ఆయనకి, ఒకటి మహారాజా కాలేజీ లైబ్రరీకి.